తీపిచేదు పాఠశాల ప్రేమకథలు నచ్చినవారికి తరువాతి యానిమే ఎలా సూచించాలి

'త్సుకి గా కిరేయి' అనే యానిమే (జపాన్ యానిమేషన్ కథ) చూడటం ముగించినవారు ఎవరైనా "ఇలాంటిదే ఇంకొకటి చెప్పండి" అని అడిగినప్పుడు, పాఠశాల, ప్రేమ, కన్నీళ్లు అనే మూడు గుర్తులున్న పేర్లన్నీ వరసగా చెప్పేయడం తేలిక. అయితే అలా చెప్పిన పేర్లలో కొన్ని హాస్యకథలుగా, కొన్ని జబ్బు చుట్టూ తిరిగే విషాదాలుగా, మరికొన్ని అంతూ పొంతూ లేని ముక్కోణపు ప్రేమలుగా తేలుతాయి. అడిగినవారు రెండు మూడు ప్రయత్నించి, తమకు కావలసినది ఇక దొరకదని ఊరుకుంటారు. లోపం వారి అభిరుచిలో లేదు, మనం పోల్చిన పద్ధతిలో ఉంది. కథ ఎక్కడ జరిగిందో, ఎవరి మధ్య జరిగిందో ఆ గుర్తులు చెబుతాయి గాని, చూసినవారి మనసులో ఏది నిలిచిపోయిందో చెప్పవు.

సాహిత్యంతో ముడిపడిన పాఠశాల ప్రేమకథలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. నోటితో చెప్పలేకపోయిన మాటను వీటిలో దాదాపు ఎప్పుడూ ఏదో ఒక రాత మోస్తుంది. అది ఉత్తరం కావచ్చు, డైరీ కావచ్చు, గ్రంథాలయపు పుస్తకంలోని కార్డు మీది పేరు కావచ్చు, వందల ఏళ్ల నాటి పద్యం కావచ్చు, నిద్రపోయే ముందు ఫోన్‌లో పంపిన నాలుగు ముక్కల సందేశం కావచ్చు. ఆ రాత చేరవలసినవారికి చేరిందా, చేరకుండా ఆగిపోయిందా, ఆలస్యంగా చేరిందా, లేక రాసిన మనిషినే మార్చివేసిందా అన్నదాన్ని బట్టి కథ మిగిల్చే తీపీ చేదూ కూడా మారిపోతాయి. అందువల్ల సూచన చేయదలచినవారు ఆ కథలో ఎంత దుఃఖం ఉందని కాక, ఆ కథలో రాత ఏం చేసిందని చూడాలని నా గట్టి నమ్మకం.

ముందుగా ఒక దృశ్యం అడగండి

పేర్లు చెప్పే ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: చూసి కొన్నాళ్లయిన తరువాత కూడా ఏ దృశ్యం మీకు మళ్లీ మళ్లీ గుర్తుకు వస్తోంది? మీకు ఎలాంటి కథలు ఇష్టమని అడిగితే "ప్రేమకథలు, కొంచెం బాధగా ఉండేవి" అనే సమాధానమే వస్తుంది. దానితో మనం చేయగలిగింది ఏమీ లేదు. దృశ్యం అడిగినప్పుడు మాత్రం తమకు ఏది తాకిందో తమకే స్పష్టంగా తెలియనివారు కూడా దాన్ని వర్ణించడం మొదలుపెడతారు. ఆ వర్ణనలో మనకు కావలసిన సమాచారమంతా ఉంటుంది.

'త్సుకి గా కిరేయి'నే ఉదాహరణగా తీసుకుందాం. 2017 ఏప్రిల్ నుంచి జూన్ వరకు ప్రసారమైన ఈ 12 ఎపిసోడ్ల కథను సేజి కిషి దర్శకత్వంలో ఫీల్ అనే స్టూడియో నిర్మించింది. టోక్యోకు దగ్గరలో, సైతామా ప్రాంతంలో ఉన్న కవాగోయె పట్టణంలో కథ నడుస్తుంది. కోతారో అజుమి సాహిత్య క్లబ్బులో ఉంటాడు, నవలా రచయిత కావాలని కలలు కంటాడు, జపాన్ రచయిత దజాయి ఒసాము వాక్యాలను మనసులో నెమరువేసుకుంటూ ఉంటాడు. అకానె మిజునో పరుగుపందేల క్లబ్బులో ఉంటుంది, కంగారు పడినప్పుడల్లా చేతిలోని చిన్న బొమ్మను నలుపుతూ ఉంటుంది. ఎదురెదురుగా నిలబడితే ఇద్దరికీ మాట పెగలదు. లైన్ అనే సందేశాల యాప్‌లో మాత్రం ఒక్కొక్క వాక్యంగా దగ్గరవుతారు. మొదటి ఎపిసోడ్‌కు మియజావా కెంజి కవితా సంపుటి పేరు పెట్టారు. అటువంటి సాహిత్య స్మరణలు తరువాతి ఎపిసోడ్ల పేర్లలోనూ వస్తాయి.

ఈ కథ నచ్చినవారు చెప్పే దృశ్యాలు ఒకే తీరుగా ఉండవు. రెస్టారెంటులో రెండు కుటుంబాలూ అనుకోకుండా ఎదురుపడినప్పుడు పిల్లలిద్దరూ సిగ్గుతో ముడుచుకుపోయిన ఘట్టం ఒకరికి గుర్తుంటుంది. రాత్రిపూట గదిలో ఫోన్ పట్టుకుని, టైపు చేసి, చెరిపేసి, మళ్లీ టైపు చేసిన క్షణాలు ఇంకొకరికి గుర్తుంటాయి. నవల రాస్తూ తన మీద తనకే నమ్మకం చాలక సతమతమయ్యే కోతారో మరొకరికి గుర్తుంటాడు. ప్రవేశ పరీక్షలు, ఊరు మారడం, దూరం గురించిన భయం నిండిన చివరి ఎపిసోడ్లు వేరొకరిని కదిలిస్తాయి. ఈ నలుగురికీ ఒకే పేరు సూచించడం అంటే వారి మాట వినకపోవడమే.

నాలుగో రకం వారికి జపాన్ విద్యా సంవత్సరం గురించి రెండు మాటలు చెప్పడం చాలా ఉపయోగపడుతుంది. అక్కడ బడి ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. మూడేళ్ల మాధ్యమిక పాఠశాల తరువాత ఉన్నత పాఠశాలలో చేరడానికి సాధారణంగా ప్రవేశ పరీక్ష రాయాలి. కోతారో, అకానె చదువుతున్న మాధ్యమిక మూడో సంవత్సరం తరగతి లెక్కలో మన తొమ్మిదికి సమానమైనా, జీవితంలో దాని స్థానం మన పదో తరగతిదే. అప్పటిదాకా కలిసి చదివినవారు ఆ ఏడాది తరువాత వేర్వేరు బళ్లకు చెదిరిపోతారు. కాబట్టి ఈ కథల్లో మార్చి నెల దగ్గర పడుతున్న కొద్దీ, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే, వియోగం తనంతట తాను ముందుకు వస్తుంది. ఈ గడువు సంగతి తెలిసిన ప్రేక్షకులు రెండో ఎపిసోడ్ నుంచే కథను వేరే కళ్లతో చూస్తారు.

చేరిన రాత, మనిషిని మార్చిన రాత

సందేశాలు ఇచ్చిపుచ్చుకున్న క్షణాలే నచ్చాయన్నవారికి రాత నెమ్మదిగానైనా గమ్యం చేరే కథలు సూచించాలి. అదే 2017లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చిన 'జస్ట్ బికాజ్' ఇందుకు సరిపోతుంది. ఉన్నత పాఠశాల చివరి నెలల్లో పాత ఊరికి తిరిగివచ్చిన కుర్రవాడి చుట్టూ అల్లిన 12 ఎపిసోడ్ల కథ అది. జిబ్లీ స్టూడియో 2011లో విడుదల చేసిన 'ఫ్రమ్ అప్ ఆన్ పాపీ హిల్' కూడా ఈ కోవలోనిదే. 1963 నాటి యొకొహామాలో ఒక అమ్మాయి రోజూ ఉదయాన్నే ఓడలకు కనబడేలా సంకేత జెండాలు ఎగురవేస్తుంది. ఆ జెండాలకు జవాబుగా బడి పత్రికలో ఒక కవిత అచ్చవుతుంది. కథ మధ్యలో వచ్చే మలుపు గురించి మాత్రం ముందుగా ఒక్క మాట కూడా చెప్పకూడదు.

రాయాలనే తపన, రాయలేననే భయం నచ్చినవారికి నేను ఏ సందేహమూ లేకుండా మొదట చెప్పే పేరు 'విస్పర్ ఆఫ్ ది హార్ట్'. 1995లో వచ్చిన ఈ జిబ్లీ చిత్రానికి మూలం అవోయి హిరాగి మాంగా, అంటే బొమ్మల కథల పుస్తకం. స్క్రీన్‌ప్లే హయావో మియజాకీది. దర్శకుడు యోషిఫుమి కొందో. 1998లో 47 ఏళ్లకే కన్నుమూసిన కొందో దర్శకత్వం వహించిన పూర్తినిడివి చిత్రం ఇదొక్కటే. షిజుకు అనే పద్నాలుగేళ్ల అమ్మాయి తాను తెచ్చుకునే ప్రతి గ్రంథాలయ పుస్తకంలోనూ తనకంటే ముందు సేజి అమసావా అనేవాడు దాన్ని చదివినట్టు కార్డు మీద చూస్తుంది. గ్రంథాలయంలో పనిచేసే ఆమె తండ్రి త్వరలో ఈ కార్డులు పోయి బార్‌కోడ్లు వస్తాయని అంటాడు. అంటే ఈ ప్రేమ పుట్టడానికి వీలున్న చివరి రోజులు అవేనని ప్రేక్షకులకు ఆ ఒక్క మాటతో అర్థమవుతుంది. ఇంత తక్కువ మాటల్లో కాలం గడిచిపోవడాన్ని చెప్పిన చిత్రాలు చాలా అరుదు.

అయితే ఈ చిత్రం గొప్పతనం అక్కడితో ఆగదు. వయొలిన్ల తయారీ నేర్చుకోవడానికి ఇటలీ వెళ్లాలని సేజి నిశ్చయించుకున్నాడని తెలిసినప్పుడు షిజుకుకు కలిగేది విరహం కంటే ఎక్కువగా తాను వెనకబడిపోయాననే బాధ. అతనికి తగినదాన్ని అవుతానా అని తనను తాను పరీక్షించుకోవడానికి ఆమె నవల రాయడం మొదలుపెడుతుంది. పరీక్షల్లో మార్కులు పడిపోతాయి. ఇంట్లో గొడవ అవుతుంది. చివరికి ఆ రాతప్రతిని మొదటగా చదివిన ముసలాయన అది ఇంకా సానపట్టని రాయి అని నిజాయితీగా చెబుతాడు. ప్రేమ మనిషిని పనిలోకి దింపడం, ఆ పని ఆ మనిషికి తన కొలత చెప్పడం ఇంత శ్రద్ధగా చూపిన పాఠశాల ప్రేమకథ ఇంకొకటి నాకు తెలియదు. ముగింపులో చేదు తక్కువే. కాబట్టి కోతారోలోని రచయిత నచ్చినవారికి దీన్ని చెప్పాలి గాని, ఏడవాలని ఉందన్నవారికి చెప్పకూడదు.

ఇదే దారిలో ఇంకా లోతుకు వెళ్లగలవారికి 2007లో షాఫ్ట్ స్టూడియో తీసిన 'ఎఫ్: ఎ టేల్ ఆఫ్ మెమరీస్' ఉంది. అందులో చిహిరో అనే అమ్మాయికి 13 గంటలకు మించి జ్ఞాపకం నిలవదు. ఆమె నవల రాయడానికి రెంజి అనే అబ్బాయి తోడుంటాడు. నిన్న రాసినది ఈ రోజు ఆమెకు కొత్తగా చదువుకోవలసిన పాఠం. బొమ్మల శైలి ప్రయోగాత్మకంగా ఉంటుంది, కొన్ని సన్నివేశాలు పెద్దవారికి తగినవి. కాబట్టి చిన్నవయసువారికి సూచించవద్దు. పేరులోనే సాహిత్యం ఉన్న 'బుంగాకు షోజో' చిత్రాన్ని మాత్రం ఆచితూచి చెప్పాలి. కథలు రాసిన కాగితాలను తినే అమ్మాయి, ఒకప్పుడు నవల రాసి పేరు తెచ్చుకుని కలం వదిలేసిన అబ్బాయి అనే ఊహ అద్భుతమైనదే. కాని 2010 నాటి ఈ చిత్రం మిజుకి నొమురా నవలల వరసలో అయిదో పుస్తకాన్ని తెరకెక్కించింది. అందువల్ల కొత్తగా వచ్చినవారికి పాత్రల మధ్య బంధాలు సగంలో మొదలైనట్టు అనిపిస్తాయి. ఆ వెలితిని భరించగల సాహిత్యాభిమానులకే అది తగినది.

చేరని రాత

దూరం, విడిపోవడం గురించిన దృశ్యాలే మనసులో నిలిచాయని చెప్పినవారికి మాకోతో షింకాయి 2007లో తీసిన 'ఫైవ్ సెంటీమీటర్స్ పర్ సెకండ్' చెప్పాలి. గంటకు కాస్త ఎక్కువ నిడివి గల ఈ చిత్రంలో మూడు భాగాలు ఉన్నాయి. చేతిలో ఫోన్లు లేని కాలంలో తకాకి, అకారి ఉత్తరాలతోనే దగ్గరగా ఉంటారు. తాను ఇంకా దూరపు ఊరికి వెళ్లిపోవలసి వచ్చే ముందు ఆమెను ఒకసారి చూడాలని తకాకి టోక్యో నుంచి తొచిగి ప్రాంతంలోని ఇవాఫునె స్టేషనుకు బయలుదేరుతాడు. మంచు పడి రైళ్లు ఆగి ఆగి నడుస్తాయి. ప్రతి ఆలస్యానికీ ఆ పిల్లవాడి ముఖంలో వచ్చే మార్పును చూపడం తప్ప కథ అక్కడ ఇంకేమీ చేయదు, చేయనవసరం లేదు.

రెండో భాగం తనెగాషిమా అనే రాకెట్ ప్రయోగ కేంద్రం ఉన్న దీవిలో నడుస్తుంది. అక్కడ తకాకిని ప్రేమించే కనాయె అతను ఎప్పుడూ ఫోన్‌లో ఎవరికో సందేశాలు రాస్తూ ఉండటం గమనిస్తుంది. అతను మాత్రం వాటిని ఎవరికీ పంపడు. నా దృష్టిలో ఈ చిత్రానికి గుండెకాయ అదే. 'త్సుకి గా కిరేయి'లో ఫోన్ సందేశం ఇద్దరిని కలిపితే, ఇక్కడ అదే సందేశం మనిషిని తనలోనే మూసివేస్తుంది. అందుకే ఈ రెండింటినీ వెంటవెంటనే చూడమని నేను సలహా ఇస్తాను. అయితే 'త్సుకి గా కిరేయి' ముందు చూడాలి. వరస తిరగబడితే రెండోది మరీ తేలికగా అనిపించే ప్రమాదం ఉంది. ముగింపు ఓదార్చదనే మాటను కూడా ముందే చెప్పి ఉంచాలి.

షింకాయి 2013లో తీసిన 46 నిమిషాల 'ది గార్డెన్ ఆఫ్ వర్డ్స్' పేరు కూడా ఈ సందర్భంలో తరచుగా వినబడుతుంది. వర్షాకాలపు ఉదయాల్లో షింజుకు తోటలో మొదలయ్యే ఆ పరిచయానికి 'మన్యోషు' అనే ప్రాచీన సంకలనంలోని పద్యం కీలకం. సాహిత్యం పాలు నిజంగా ఎక్కువే. కాని అందులో అబ్బాయికి 15 ఏళ్లు, ఆమె 27 ఏళ్ల ఉపాధ్యాయురాలు. దాన్ని ఈడూజోడూ కుదిరిన పాఠశాల ప్రేమకథగా పరిచయం చేయడం సరికాదు. ఇద్దరు ఒంటరివారి కథ అని ఉన్నది ఉన్నట్టు చెప్పి, చూడాలో వద్దో వారినే నిర్ణయించుకోనివ్వాలి.

ఆలస్యంగా చేరిన రాత

జబ్బు, మరణం ఉన్న కథలు వేరే కోవకు చెందినవని గుర్తుంచుకోవాలి. వియోగం నచ్చినవారికి మరణం కూడా నచ్చుతుందని అనుకోవడం సూచనలు చేసేవారిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. ఇటీవలే ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవారికి ఇటువంటి కథ చేతిలో పెడితే అది అభిరుచికి సంబంధించిన విషయం కాకుండా పోతుంది. కాబట్టి ఇక్కడ కథ రహస్యం కంటే మనిషి ముఖ్యం; మరణం ఉందని, లేదా ఆత్మహత్య ప్రస్తావన ఉందని మొహమాటం లేకుండా చెప్పేయాలి.

వీటిలో సాహిత్యానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది 2018 నాటి 'ఐ వాంట్ టు ఈట్ యువర్ పాంక్రియాస్'. యోరు సుమినో నవల దీనికి మూలం. పుస్తకాల్లో తలదూర్చి ఎవరితోనూ కలవని అబ్బాయికి ఆసుపత్రిలో ఒక డైరీ దొరుకుతుంది. దాన్ని రాసింది తన తరగతిలోని సకురా అని, ఆమె ఎక్కువ కాలం బతకదని అతనికి అలా తెలుస్తుంది. ఈ సంగతి కథ మొదట్లోనే వస్తుంది గనుక చెప్పినా నష్టం లేదు. ఆ తరువాత జరిగేది మాత్రం చెప్పకూడదు. 2016 నాటి 'ఆరెంజ్' 13 ఎపిసోడ్లలో సాగుతుంది: మత్సుమోతో పట్టణంలోని నాహో అనే అమ్మాయికి పదేళ్ల తరువాతి తన నుంచే ఉత్తరం వస్తుంది, కొత్తగా బడిలో చేరబోయే కాకెరును కాపాడమని. ఆత్మహత్య దాని ప్రధాన విషయమే.

'యువర్ లై ఇన్ ఏప్రిల్' 2014 అక్టోబరు నుంచి 2015 మార్చి వరకు 22 ఎపిసోడ్లుగా వచ్చింది. ఈ రకం కథలు అడిగిన ప్రతివారికీ మొదట దాన్నే చెప్పడం అలవాటైపోయింది. అది మంచి కథే, దానిలోని సంగీతం మరచిపోలేనిది. కాని దానిలో భావాలు పొంగిపొర్లుతాయి, పాత్రలు తమ మనసులోని మాటలను పొడవుగా వివరిస్తాయి, తల్లి చేతిలో పిల్లవాడు పడిన హింస ఉంటుంది. మౌనం నచ్చి వచ్చినవారికి ఆ హోరు దూరంగా అనిపించవచ్చు. అందుకే నా వరసలో అది మూడో పేరుకు ముందు రాదు.

ఇతరుల కథలో తమను చదువుకున్నవారు

ఇప్పటివరకు చెప్పినవన్నీ పాత్రలు తామే రాసిన రాతల గురించి. ఇంకొక రకం ఉంది. పాత్రలు ఎవరో ఎప్పుడో రాసినదాన్ని చదివి, దానిలో తమ మనసును గుర్తుపట్టే కథలు. సాహిత్యాభిమానులకు వీటిని మించినవి లేవని నా అభిప్రాయం. అడిగినవారు తామే పుస్తకాలు విరివిగా చదివేవారైతే నేరుగా ఇక్కడికే తీసుకురావచ్చు.

వీటిలో 'హ్యోకా' నాకు ఎంతో ప్రీతిపాత్రమైనది. హొనోబు యొనెజావా నవలల ఆధారంగా యాసుహిరో తకెమోతో దర్శకత్వంలో క్యోటో యానిమేషన్ స్టూడియో 2012లో 22 ఎపిసోడ్లుగా దీన్ని నిర్మించింది. తకెమోతో 2019 జులై 18న ఆ స్టూడియోపై జరిగిన దహనకాండలో మరణించిన 36 మందిలో ఒకరు. కథ ఒక ఉత్తరంతో మొదలవుతుంది. మన బనారస్‌లో ఉన్న అక్క, మూతపడబోతున్న ప్రాచీన సాహిత్య క్లబ్బులో చేరమని తమ్ముడు హోతారో ఒరేకికి రాస్తుంది. శ్రమ అంటే గిట్టని ఆ అబ్బాయి, కుతూహలం ఆపుకోలేని ఎరు చితాందా కలిసి పాత క్లబ్బు సంచికలో దాగిన 45 ఏళ్ల నాటి వాస్తవాన్ని వెలికితీస్తారు. పైకి ఇది చిన్న చిన్న చిక్కుముడుల కథలా కనిపిస్తుంది, ప్రేమ అన్న మాట వినిపించదు. కాని చివరి ఎపిసోడ్ చేరేసరికి అన్ని చిక్కులూ విప్పిన అబ్బాయికి తన మనసులోని ఒక్క వాక్యం పలకడం ఎంత కష్టమో తెలిసివస్తుంది. ఈ కథను ప్రేమకథగా పరిచయం చేస్తే అయిదో ఎపిసోడ్‌కే విసుగు పుట్టవచ్చు. బడి చరిత్రను తవ్వే కథ అని చెప్పి, ప్రేమ సంగతి వారంతట వారే కనుక్కునేలా వదిలేయడం మేలు.

'చిహాయాఫురు' 2011లో మొదలై మూడు సీజన్లుగా వచ్చింది. 'హ్యాకునిన్ ఇష్షు' అనే నూరు పద్యాల సంకలనంతో ఆడే కరుతా అనే పేకల ఆట చుట్టూ కథ తిరుగుతుంది; చదివేవారు పద్యం పై భాగం చదువుతుంటే, కింది భాగం ఉన్న పేకను ముందుగా పట్టుకున్నవారిదే గెలుపు. వందల ఏళ్ల నాటి ఆ ప్రేమ పద్యాల అర్థం ఆటగాళ్ల సొంత బాధలకు అతుక్కునే తీరు గొప్పగా ఉంటుంది. పద్యం కంఠస్థం చేసి, పోటీగా అందుకునే ఆనందం శతక పద్యాలు అప్పజెప్పుతూ పెరిగిన తెలుగువారికి ఇట్టే అర్థమవుతుంది. క్రీడా పోటీల ఉత్కంఠ పడనివారికి మాత్రం ఇది దూరం.

నావోకో యమాదా 2018లో తీసిన 'లిజ్ అండ్ ది బ్లూ బర్డ్' గంటన్నర చిత్రం. బడి వాద్యబృందంలో ఓబో వాయించే మిజొరె, ఫ్లూటు వాయించే నొజోమి ఒక జానపద కథ ఆధారంగా కూర్చిన సంగీతాన్ని సాధన చేస్తారు. పక్షిని ప్రేమించి కూడా వదిలేసిన అమ్మాయి కథలో మిజొరె తనను ఎవరితో పోల్చుకుంటుందో, ఆ పోలిక ఎప్పుడు తలకిందులవుతుందో గమనించడమే ఈ చిత్రం. అడుగుల చప్పుడు, జడ ఊపు, చూపు తిప్పుకోవడం వంటివాటితోనే సగం కథ నడుస్తుంది. నిదానం నచ్చేవారికి దీన్ని మించిన సూచన లేదు. ఇద్దరమ్మాయిల మధ్య అనుబంధం నచ్చినవారికి తరువాతి అడుగుగా 2018 నాటి 'బ్లూమ్ ఇన్‌టు యు', కమకురాలో నడిచే 2009 నాటి 'స్వీట్ బ్లూ ఫ్లవర్స్' చెప్పవచ్చు. రెండింటిలోనూ బడి నాటకం పాత్రల మనసులను బయటపెడుతుంది.

చెప్పే తీరు

సరైన పేరు ఎంచుకున్న తరువాత దాన్ని చెప్పే పద్ధతి కూడా ముఖ్యమే. ఒకసారికి ఒకే పేరు చెప్పాలి, తప్పదనుకుంటే రెండు; పది పేర్ల జాబితా ఇచ్చినవారికి ఎంచుకునే భారమంతా తిరిగి అప్పగించినట్టే. మొదటి పది నిమిషాల్లో తెలిసే పరిస్థితిని మాత్రమే చెప్పాలి. వారు గుర్తుచేసుకున్న దృశ్యానికీ, మీరు సూచిస్తున్న కథకూ ఉన్న సంబంధాన్ని ఒక వాక్యంలో చెప్పాలి: "మీకు కోతారో రాత్రిపూట సందేశం చెరిపేసిన దృశ్యం నచ్చిందన్నారు, ఇందులో ఒక అబ్బాయి సందేశాలు రాస్తాడు గాని పంపడు, అందుకే మీకు చెబుతున్నాను." చివర్లో ఏడుస్తారని, ముగింపు అద్భుతమని ఊరించకూడదు, ఆ మాట విన్నవారు కథంతా ముగింపు కోసం ఎదురుచూస్తూ గడుపుతారు. 'త్సుకి గా కిరేయి' ఇంకా చూడనివారికి సూచిస్తున్నప్పుడు, ప్రతి ఎపిసోడ్ చివర పేర్లు పడేటప్పుడు తెరపై వచ్చే సందేశాలను దాటవేయవద్దని తప్పకుండా చెప్పాలి. వాటికి కథతో సంబంధం ఉంది.

నిడివి విషయంలో ఒక చిన్న మెలకువ: పన్నెండు ఎపిసోడ్ల కథ ఇప్పుడే ముగించినవారికి వెంటనే ఇంకొక పొడవైన కథ కంటే ఒక చిత్రం సూచించడం మంచిది. ఆ ఒక్క సాయంత్రంలో మీ అంచనా సరైనదో కాదో ఇద్దరికీ తెలిసిపోతుంది. భాష సంగతి కూడా ముందే చెప్పాలి. యానిమేకు తెలుగు డబ్బింగ్ ఇటీవల పెరుగుతున్నది నిజమే గాని, 'సోలో లెవలింగ్', 2025లో థియేటర్లకు వచ్చిన 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' వంటి పోరాట కథలకే అది ఎక్కువగా దక్కింది. ఈ నెమ్మది కథలను చాలావరకు జపనీస్ మాటలతో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూడవలసి ఉంటుంది. ఫోన్ సందేశాలు, ఉత్తరాలు, పద్యాలు తెర మీద కనిపించే ఈ కథలకు చిన్న ఫోన్ తెర సరిపోదు. వీలైతే టీవీలోనో ల్యాప్‌టాప్‌లోనో చూడమనండి.

మూలకథ పూర్తికాకుండానే ఆగిపోయిన యానిమేల గురించి దాచకూడదు. 'బ్లూమ్ ఇన్‌టు యు' 13 ఎపిసోడ్లలో బడి నాటకం ప్రదర్శన వరకు కూడా రాదు; 'స్వీట్ బ్లూ ఫ్లవర్స్' 11 ఎపిసోడ్లతో కథ మధ్యలోనే నిలిచిపోతుంది. రెండు మాంగాలూ 8 సంపుటాలలో పూర్తయ్యాయి గనుక, ఎక్కడ ఆగుతుందో, తరువాత ఏది చదవాలో సూచనతో పాటే చెప్పేస్తే అర్ధాంతరంగా వదిలేశారనే కోపం ఉండదు.

చూసిన తరువాత నచ్చిందా అని కాకుండా, మొదట అడిగిన ప్రశ్నే మళ్లీ అడగండి. ఈసారి ఏ దృశ్యం గుర్తుందో విన్నప్పుడు మీ మొదటి అంచనా ఎక్కడ తప్పిందో తెలుస్తుంది: ఇవాఫునె స్టేషను దృశ్యం కాక కనాయె సముద్రపు ఒడ్డున నిలబడిన దృశ్యం చెప్పారంటే వారికి కావలసినది దూరం కాదు, చెప్పుకోలేని ఏకపక్షపు ప్రేమ, అప్పుడు 'చిహాయాఫురు'లో అలాంటి ప్రేమే మోసే తాయిచి అనే అబ్బాయి దగ్గరికి తీసుకువెళ్లవచ్చు.